బరిగె పట్టినవాళ్లే జవాబు చెప్పాలి

మీ ఉత్తరాలు – దేవరకొండ టీచరమ్మ జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటిని పక్కన పెట్టుకున్నాను. రెండు ఇంట్లో పిల్లల మీద బలవంతం గురించి, రెండు ఊరి మీద, జనం మీద సర్కారు బలవంతం గురించి. రాసినవాళ్లు ఒకరికొకరు తెలియదు, అడిగింది మాత్రం దాదాపు ఒకటే. 34 ఏళ్లు జిల్లా పరిషత్ బడుల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. నేను చూసింది, చేసింది, చదివింది కలిపి చెప్తాను.

ప్రశ్న: మా బాబు తొమ్మిదో తరగతి. మా ఆయన రైస్ మిల్లులో గుమాస్తా, రాత్రి తొమ్మిది దాటితే గానీ ఇంటికి రారు. బాబు బడి నుంచి రాగానే ఫోన్ పట్టుకుంటాడు. లాక్కుంటే అన్నం మానేస్తాడు. పోయిన వారం మా ఆయన బెల్టు తీశారు. హైదరాబాద్‌లో ఉండే మా చెల్లెలేమో పిల్లలను దేనికీ బలవంతపెట్టొద్దు, వాళ్లే నేర్చుకుంటారు అంటుంది. వదిలేస్తే చెడిపోడా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక తల్లి, మిర్యాలగూడ

జవాబు: అమ్మా, ముందు బెల్టు సంగతి. అది ఇవాళే ఆగాలి. పొద్దంతా లారీల లెక్కలు చూసి, ఊక దుమ్ములో నిలబడి ఇంటికొచ్చిన మనిషికి కోపం ఎందుకొస్తుందో నాకు అర్థమవుతుంది. మీ ఆయనను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. నేనూ పిల్లలను కొట్టినదాన్నే, అందుకే చెప్తున్నాను.

1996లో దేవరకొండ దగ్గర ఒక బడిలో ఏడో తరగతికి లెక్కలు చెప్పేదాన్ని. తండా నుంచి ఒక పిల్లవాడు వచ్చేవాడు. అమ్మానాన్నలు మిరపకాయలు ఏరడానికి గుంటూరు వైపు వలస పోతే వెంట పోయాడు, రెండు నెలలకు తిరిగొచ్చాడు. ఎక్కాలన్నీ మరిచిపోయాడు. రోజూ హోంవర్క్ లేకుండా వచ్చేవాడు, రోజూ నేను చింత బరిగెతో అరచేతి మీద రెండు వేసేదాన్ని. ఒకరోజు ఎవరో దాతలు పంపిన నోటుబుక్కులు వచ్చాయి. వాడిని పిలిచి, బల్ల మీది కట్టలోంచి ఒకటి తీసి ఇటు తిరిగేసరికి వాడు రెండు చేతులూ చాపి, కళ్లు గట్టిగా మూసుకుని నిలబడ్డాడు. బొటనవేళ్లు రెండూ లోపలికి ముడుచుకుని ఉన్నాయి, దెబ్బ వేళ్ల మీద పడకుండా. ఎలా పడితే నొప్పి తక్కువో వాడు లెక్క కట్టుకున్నాడు. ఆ చేతుల్లో నోటుబుక్కు పెట్టాను. అది పుస్తకమని తెలిసి కళ్లు తెరవడానికి వాడికి కొంతసేపు పట్టింది.

ఆ సాయంత్రం బరిగె విరిచి కంచె అవతల పారేశాను. వాడికి ఎక్కాలు రావడానికి ఆ తర్వాత కూడా నాలుగు నెలలు పట్టింది. వచ్చాయి, అంతే. కానీ అప్పటిదాకా నేను కొట్టిన పిల్లలందరి చేతులూ ఆ రాత్రి గుర్తొచ్చాయి.

బడిలో కొట్టకూడదని ఇప్పుడు చట్టమే ఉంది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టంలో 17వ సెక్షన్ అది. దెబ్బలే కాదు, మనసు కుంగేలా వేధించడం కూడా తప్పే. ఇంటి గడప లోపలి సంగతి ఆ చట్టంలోకి రాదు. స్వీడన్ దేశం 1979లోనే, అందరికన్నా ముందు, తల్లిదండ్రులు కూడా పిల్లలను కొట్టకూడదని చట్టం చేసింది. ఆ దేశం ఆ పని చేసిన తీరు నాకు చాలా నచ్చుతుంది. చట్టంలో శిక్ష ఏదీ రాయలేదు. తల్లిదండ్రులను జైల్లో పెడతామని బెదిరించలేదు. కొత్త చట్టం సంగతి పాల డబ్బాల మీద అచ్చు వేశారు. పొద్దున్నే అమ్మ, నాన్న, పిల్లలు కూర్చుని తాగే పాలు కదా, ఆ బల్ల దగ్గరే అందరూ చదువుకుని మాట్లాడుకోవాలని. కొట్టొద్దని చెప్పడానికి సర్కారు కూడా కర్ర ఎత్తలేదు.

ఇక మీ చెల్లెలి మాట. ఆమె చెప్పింది సగం నిజం. ఇంగ్లండులో సమ్మర్‌హిల్ అని ఒక బడి ఉంది. ఏ.ఎస్.నీల్ అనే ఆయన 1921లో మొదలుపెట్టారు. అక్కడ పాఠాలకు రావడం పిల్లల ఇష్టం. రాకపోతే ఎవరూ అడగరు. ఇది విని ఆ బడిలో నియమాలే లేవనుకోవద్దు, బోలెడున్నాయి. పిల్లలూ టీచర్లూ కలిసి సభ పెట్టుకుని చేసుకున్న నియమాలు. ఆ సభలో చిన్న పిల్లకూ ఒకే ఓటు, హెడ్మాస్టరుకూ ఒకే ఓటు. తప్పు చేస్తే జరిమానా కూడా ఆ సభే వేస్తుంది. ఇంగ్లండు ప్రభుత్వ తనిఖీ అధికారులు ఈ పద్ధతి కుదరదన్నారు, కేసు కోర్టుకెక్కింది. 2000 సంవత్సరంలో రాజీ షరతులు వచ్చినప్పుడు వాటిని ఒప్పుకోవాలా వద్దా అని పిల్లలు ఆ కోర్టు గదిలోనే తమ సభ పెట్టి ఓటేశారు. పాఠాలకు రావడం వాళ్ల ఇష్టంగానే మిగిలింది. ఆ పిల్లలను పెద్దలు గాలికి వదిలేయలేదు. మాట్లాడే చోటు ఇచ్చారు.

మీ ఇంట్లో ఆ చోటు ఎలా చేయాలంటే, ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ముగ్గురూ కూర్చోండి. మొదటి అరగంట తిట్టకుండా, ఆ ఫోన్‌లో ఏం చూస్తున్నాడో మీకు చూపించమనండి. ఆటైతే మీరూ ఆడి చూడండి. ఆ తర్వాత రోజుకు ఎంతసేపు, ఏ వేళలో అన్నది అతనినే చెప్పమనండి. మీకు ఎక్కువనిపిస్తే ఎక్కువని చెప్పండి, బేరమాడండి. కుదిరిన మాట అతని చేతిరాతతోనే గోడ మీది క్యాలెండర్ వెనక రాయించండి. మీ ఇద్దరి ఫోన్ల సంగతి కూడా అందులో ఉండాలి. మాట తప్పితే అప్పటికప్పుడు లాక్కోకండి, వచ్చే ఆదివారం దాకా ఆగి మళ్లీ కూర్చోండి. మొదటి నెల తప్పుతాడు. రెండో నెల కూడా తప్పొచ్చు. మీకు కష్టంగా ఉంటుంది, తెలుసు.

రాత్రి నిద్ర విషయంలో మాత్రం బేరం వద్దు. పది గంటలకు ఇంట్లో ఫోన్లన్నీ వంటింటి గూట్లోకి పోవాలి. ఇది మా నిర్ణయం, నీ నిద్ర పాడవకూడదని తీసుకున్నాం అని సూటిగా చెప్పండి. లారీ వస్తుంటే పిల్లాడి రెక్క పట్టి పక్కకు లాగుతాం, అప్పుడు ఎవరూ అనుమతి అడగరు. కానీ లాగినవాళ్లు తర్వాత కారణం చెప్పాలి. బలవంతం చేసినప్పుడల్లా జవాబు చెప్పాల్సింది చేసినవాళ్లే, పడినవాళ్లు కాదు. ఇంట్లో నేను నమ్మే సూత్రం ఇదొక్కటే. కారణం చెప్పలేకపోయామంటే అక్కడ మన పంతమే ఉన్నట్టు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. మా అబ్బాయి ఇంటర్‌లో ఏం చదవాలన్నది నేనే తేల్చాను. వాడు హెచ్ఇసి అన్నాడు, నేను ఎంపీసీలో చేర్పించాను. ఎదురు చెప్పలేదు. ఇప్పుడు మంచి ఉద్యోగంలోనే ఉన్నాడు. ప్రతి ఆదివారం ఫోన్ చేస్తాడు. నాకు నచ్చే సంగతులే చెప్తాడు. ఇరవై ఏళ్లుగా అవే చెప్తున్నాడు.

ప్రశ్న: వనపర్తిలో డిగ్రీ చదువుతున్నాను. మా తాత వాళ్ల ఊరు కొల్లాపూర్ దగ్గర శ్రీశైలం డ్యామ్ నీళ్లలో మునిగింది. ముంపు కుటుంబాలకని తెచ్చిన జీవో 98 కింద ఉద్యోగం వస్తుందని మా బాపు తల నెరిసేదాకా ఎదురుచూశాడు. ఈ మధ్య స్వచ్ఛందవాదం గురించి చదివాను. పన్ను కూడా బలవంతమేనని, మనుషుల మధ్య అన్నీ ఇష్టపూర్వకంగానే జరగాలని అంటారు. నాకు నిజమే అనిపిస్తుంది. మా మామ విని నవ్వుతున్నాడు. బలవంతం లేకుండా సర్కారు నడుస్తుందా?
– ఒక విద్యార్థి, వనపర్తి

జవాబు: నాయనా, నీ ప్రశ్నను నవ్వి తోసేయకూడదు. 1981లో ఆ ఊళ్లను ఖాళీ చేయించిన తీరు తెలిసినవాళ్లెవరూ నవ్వరు. పోలీసులను పెట్టి, ఇళ్లు కూలగొట్టి పంపించారు. సోమశిల, జటప్రోలు గుళ్లను మాత్రం రాయి రాయి విప్పి గట్టుకు తెచ్చి మళ్లీ కట్టారు. ఆ పని మంచిదే. రాళ్లకు అంత ఓపిక పట్టిన సర్కారు మనుషులకు ఎందుకు పట్టలేదన్నదే నా బాధ. అదే ఓపిక పట్టి ఉంటే మీ బాపు అన్నేళ్లు ఎదురుచూడాల్సి వచ్చేది కాదు.

నువ్వు చదివిన వాదానికి ఆ పేరుతో ప్రచారం తెచ్చినవాడు ఆబెరన్ హెర్బర్ట్ (1838–1906), ఇంగ్లండులో ఒకప్పటి పార్లమెంటు సభ్యుడు. సర్కారు పని దౌర్జన్యం నుంచి, మోసం నుంచి మనుషులను కాపాడటం వరకేననీ, దానికయ్యే ఖర్చు కూడా జనం ఇష్టంగా ఇచ్చే డబ్బుతోనే జరగాలనీ ఆయన అన్నాడు. ఇచ్చేవాళ్లు ఇస్తారు, ఇవ్వనివాళ్లను బలవంతం చేయొద్దు అని. విన్నప్పుడు నాకు మన పోచంపల్లే గుర్తొచ్చింది.

1951 ఏప్రిల్ 18. అప్పటి నల్లగొండ జిల్లా పోచంపల్లికి వినోబా భావే నడిచి వచ్చారు. సాయుధ పోరాటం ఇంకా చల్లారలేదు, ఊళ్లలో పోలీసు క్యాంపులున్నాయి. దళితవాడలో జనం బతకడానికి 80 ఎకరాలు కావాలని అడిగారు. సర్కారుకు రాయాలా అని ఆయన ఆలోచిస్తూ, ఊరివాళ్లనే అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. ఎవరి చేతిలోనూ తుపాకీ లేదు, కోర్టు ఉత్తర్వు లేదు. భూదానం అక్కడ పుట్టింది. మా నాన్న ఈ సంగతి చెప్పినప్పుడల్లా గొంతు మారేది.

అయితే తర్వాతి కథ కూడా చెప్పుకోవాలి. 5 కోట్ల ఎకరాలు అడిగితే దేశమంతటా దాదాపు 40 లక్షల ఎకరాలు వచ్చాయి. అందులో చాలా భూమి పంచకుండానే మిగిలింది, రాళ్లూ గుట్టలూ కూడా దానంలో కలిశాయి. ఇక మన దగ్గర వెట్టి చాకిరీ ఎలా పోయిందో చూడు. గడీకి చాకలి బట్టలు ఉతకాలి, కుమ్మరి కుండలు ఇవ్వాలి, మాదిగ చెప్పులు కుట్టివ్వాలి, అంతా ఉత్తినే. దొరలు దాన్ని బలవంతం అనలేదు, ఆనవాయితీ అన్నారు. అది దొరల మంచి మనసుతో పోలేదు. జనం తిరగబడ్డారు, తర్వాత రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది, 1976లో వెట్టి కార్మికుల చట్టం వచ్చింది. ఒకడి చేతిలో కొరడా ఉన్నప్పుడు దాన్ని లాక్కోవడానికి చట్టం కావాలి. హెర్బర్ట్ కూడా దీన్ని కాదనడు. ఆ చట్టాన్ని నడిపే డబ్బు దగ్గరే నేను ఆయనతో విడిపోతాను. ఇష్టమున్నవాళ్లు ఇచ్చే డబ్బుతో నడిచే పోలీసు స్టేషన్ ఎక్కువ ఇచ్చినవాళ్ల మాటే వింటుందని నా భయం. నల్లగొండ జిల్లాలో పుట్టినదాన్ని కాబట్టి ఆ భయం నాకు కొంచెం ఎక్కువే.

ఇష్టపూర్వకం అనే మాటను కూడా లోపల తడిమి చూడాలి. 2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రైవేటు కంపెనీ కోసం భూమి తీసుకోవాలంటే 80 శాతం మంది, సర్కారూ ప్రైవేటూ కలిసి కట్టేదానికి 70 శాతం మంది భూమి పోయేవాళ్లు ఒప్పుకోవాలి. సర్కారు తనకోసం కట్టుకునే ప్రాజెక్టుకు మాత్రం ఈ సమ్మతి అక్కర్లేదు. మీ తాత వాళ్ల ఊరి లాంటి ఊరిని ఇవాళ కూడా అడగకుండా తీసుకోవచ్చన్నమాట. మన రాష్ట్రం 2015లో జీవో 123 తెచ్చింది. రైతు ఇష్టపడి అమ్మితే సర్కారు నేరుగా కొంటుందని. చదవడానికి నీ స్వచ్ఛందవాదంలాగే ఉంటుంది. ఆ భూముల్లో కూలి చేసుకుని బతికేవాళ్లు కోర్టుకెళ్లారు. అమ్మేవాడు ఒప్పుకున్నాడు, కొనేవాడు ఒప్పుకున్నాడు, పొలం పోతే మా కూలి సంగతేంటని అడిగారు. 2016 ఆగస్టులో హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం ఆ జీవోను కొట్టేసింది, కేసు తర్వాత పై బెంచీకి పోయింది. ఇద్దరు ఇష్టపడితే చాలదు బాబూ, బతుకు తెగిపోయే మూడోవాడిని కూడా అడగాలి. స్వచ్ఛందవాదుల రాతల్లో నేను ఎప్పుడూ వెతికేది ఈ మూడోవాడినే.

మరి సర్కారు ఎక్కడ బలవంతం మానాలంటే, నాకు కళ్ల ముందు కనిపించేవి రెండు పనులు. ఎమర్జెన్సీలో 1976–77 ఒక్క ఏడాదే దేశంలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. టార్గెట్లు పెట్టి, ఉత్తరాదిలో మనుషులను పట్టుకెళ్లి మరీ చేశారు. 1977 ఎన్నికల్లో అక్కడి జనం జవాబు చెప్పారు. ఆ శాఖ పేరునే కుటుంబ సంక్షేమంగా మార్చుకోవాల్సి వచ్చింది. రెండోది పల్స్ పోలియో. 1995లో మొదలైంది. చుక్కలు వేయించకపోతే శిక్ష లేదు. నేనూ ఆదివారాలు బూత్‌లో కూర్చున్నాను. చుక్కలు వేసి ఎడమ చేతి చిటికెన వేలికి మార్కర్‌తో గీత పెట్టేవాళ్లం. ఒక తండాలో ఒకామె జ్వరం వస్తుందని తలుపు తీయలేదు. రెండుసార్లు పోయాం. మూడోసారి అంగన్‌వాడీ ఆయమ్మ తన మనవడిని చంకనేసుకుని వచ్చింది. ఆ పిల్లాడి చిటికెన వేలి మీద గీత చూపించింది. ఏమీ మాట్లాడలేదు. ఆ ఇంటామె వేలిని పట్టుకుని చూసింది, పిల్లాడి నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం ఉందేమో చూసింది, లోపలికెళ్లి తన బిడ్డను తెచ్చింది. దేశంలో సహజ వైరస్‌తో వచ్చిన చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది, 2014 మార్చి 27న పోలియో లేని ప్రాంతంగా సర్టిఫికెట్ వచ్చింది. ఇలాంటి ఇంటింటి తిరుగుడుతో వచ్చింది అది.

మీ మామకు ఇది చదివి వినిపించు. ఆయన నవ్వు ఆపి ఏమంటాడో నాకు రాయి.

ప్రశ్న: అచ్చంపేట వైపు ఒక ఊళ్లో పంచాయతీ కార్యదర్శిని. మార్చి నెలాఖరుకు ఇంటి పన్ను నూరు శాతం వసూలు చేయాలని ఒత్తిడి. ఊళ్లో సగం మంది కట్టరు. పన్ను కడితేనే పుట్టిన సర్టిఫికెట్, ఇతర కాగితాలు ఇవ్వమని పైనుంచి నోటిమాటగా చెప్తున్నారు. తిట్లు తింటున్నాను మేడం. ఏం చేయాలి?
– పేరు వద్దన్న సోదరి

జవాబు: చెల్లె, పుట్టిన సర్టిఫికెట్‌కు పన్నుతో లంకె పెట్టకు. 21 రోజుల్లోపు జననం నమోదు చేయిస్తే ఉచితంగా ఇవ్వాల్సిన కాగితం అది. పసిబిడ్డ పేరును తాకట్టు పెట్టి వసూలు చేసిన పన్నుతో ఊరికి సర్కారు మీద గౌరవం రాదు. నోటిమాటగా చెప్పినవాళ్లను కాగితం మీద రాసివ్వమని మర్యాదగా అడుగు. రాయరు.

నా చిన్నప్పుడు డిండి దగ్గర మా అమ్మమ్మ ఊళ్లో నీరటికాడు ఉండేవాడు. చెరువు తూము ఆయన చేతిలో. ఎవరి మడికి ఎన్ని గడియలో ఆయనకు తెలుసు. వానాకాలం ముందు కాలువ పూడిక తీయడానికి ఇంటికొక మనిషి రావాలి, రానివాళ్ల మడికి నీళ్లు చివర్న. కోతల్లో ఆయనకు ఎకరానికి ఇంత వడ్లు అని ఇచ్చేవాళ్లు. ఎవరూ ఎగ్గొట్టగా నేను చూడలేదు. ఎందుకంటే తాను ఇచ్చిన వడ్లు ఎక్కడికి పోయాయో ప్రతి రైతుకూ తన మడిలో నీళ్లై కనిపించేది. 2009లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ అందుకున్న ఎలినార్ ఓస్ట్రమ్ జీవితమంతా ఇలాంటివే వెతికింది. స్విట్జర్లాండ్‌లో తోర్బెల్ అనే కొండ ఊరివాళ్లు 1517లోనే రాసుకున్నారట, చలికాలమంతా ఇంట్లో మేపగలిగినన్ని ఆవులనే ఉమ్మడి బీడుకు తోలాలని. పైనుంచి ఎవరూ చెప్పలేదు. నేపాల్‌లో రైతులే కట్టుకుని నడుపుకునే కాలువలు సర్కారు కాలువలకన్నా బాగా నడిచాయని కూడా ఆమె చూపించింది.

మా అమ్మమ్మ ఊరి పద్ధతిని నెత్తిన పెట్టుకోమని చెప్పడం లేదు. ఆ చెరువు కట్ట మీద కూర్చుని మాట్లాడినవాళ్లలో ఆడవాళ్లు లేరు, మాలమాదిగలు దూరంగా నిలబడేవాళ్లు. వాళ్లను అడగకుండానే ఊరంతా ఒప్పుకుందని అనేవాళ్లు.

నువ్వు చేయగలిగింది ఉంది. పోయిన ఏడాది వసూలైన పన్ను ఎంత, దాంట్లో వీధి బల్బులకు ఎంత, చెత్త ట్రాక్టర్ డీజిల్‌కు ఎంత, మోటారు రిపేరుకు ఎంత అని పంచాయతీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించు. చదవడం రానివాళ్ల కోసం గ్రామసభలో గట్టిగా చదువు. సభ పగలు పెడితే కూలికి పోయేవాళ్లు రారు, సాయంత్రం పెట్టు. ఎస్సీ కాలనీలో, తండాలో విడిగా కూర్చో. కట్టనివాళ్లలో కట్టలేనివాళ్లెవరో, కట్టకుండా తిరిగే పెద్ద ఇళ్లవాళ్లెవరో ఊరికి తెలుసు. నోటీసు ఇవ్వాల్సి వస్తే పెద్ద ఇంటి నుంచి మొదలుపెట్టు. ఈ మార్చికి నూరు శాతం రాదు, ఆ మాట పై అధికారికి లెక్కలతో సహా రాతపూర్వకంగా చెప్పు.

ప్రశ్న: మా మనవరాలికి నాలుగేళ్లు. అన్నం తినదు. పోలీసోడొచ్చి పట్టుకుపోతాడంటేనే నోరు తెరుస్తుంది. కోడలు అలా అనొద్దంటుంది. మేమంతా అలా పెరిగినవాళ్లమే కదా?
– ఒక నానమ్మ, గద్వాల

జవాబు: అక్కా, ఈ ఒక్క విషయంలో కోడలి మాట వినండి. ఆకలైతే తింటుంది, ఒక పూట తక్కువ తింటే ఏమీ కాదు. మీ పళ్లెంలోంచి పెరుగన్నం ముద్ద మీరు తింటూ ఉండండి, దగ్గరికొచ్చి అడుగుతుంది. పోలీసు మాట మాత్రం మానండి. కార్తీకంలో కురుమూర్తి జాతరకు తీసుకెళ్తే అక్కడ డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్ దగ్గరికి నడిపించి, తప్పిపోతే ఈయన దగ్గరికే ఉరికొచ్చి నీ పేరు, నాన్న పేరు, ఊరి పేరు చెప్పాలని నేర్పండి. కోడలి ఫోన్ నంబర్ కూడా పాటలాగా బట్టీ పట్టించండి. నాలుగేళ్ల పిల్లకు పది అంకెలు వచ్చేస్తాయి.